పెద్ద పార్టీ నాలుగు నెలలుగా బిల్లు ఇవ్వట్లేదు: ఉద్యమ్, 45 రోజుల రూల్ నిజంగా పనికొస్తాయా?

మీరు అడిగింది ఇదీ: గాజువాక ఆటోనగర్‌లో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్ పెట్టుకుని జాబ్ వర్క్ చేస్తున్నారు. మీకు పని ఇచ్చే ఒక పెద్ద పార్టీ (కస్టమర్) నాలుగు నెలలుగా బిల్లులు తొక్కిపెట్టింది. 45 రోజుల్లో డబ్బులివ్వాలని కొత్త చట్టం వచ్చిందని, చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోమని మీ ఆడిటర్ గారు అన్నారు. చేయించుకుంటే పాత బాకీ వస్తుందా, చట్టం మాటెత్తితే ఆర్డర్లు ఆగిపోవా?

నాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. ఈ బాకీల గొడవ నాకూ బాగా అలవాటే కాబట్టి తెలిసింది రాస్తున్నాను. ఉద్యమ్ మాత్రం ఇవాళే చేయించేయండి, అందులో రెండో ఆలోచన వద్దు. పాత బిల్లుల సంగతి వేరు.

మొదట ఒకటి. 45 రోజుల రూల్ కొత్తది కాదు. ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం) 2006 నాటిది, ఆ ఏడాది అక్టోబర్ 2 నుంచే అమల్లో ఉంది. అందులో 15వ సెక్షన్ ఏమంటుందంటే, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా ఇవ్వాలి, ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే 16వ సెక్షన్ కింద ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. 2025 డిసెంబర్‌లో బ్యాంక్ రేటు 5.50 శాతానికి వచ్చింది, దాని మీద లెక్కేస్తే 16.5 శాతం. పది లక్షలు ఏడాది ఆపితే సుమారు 1.78 లక్షల వడ్డీ. కాగితం మీద భలే ఉంటుంది. పదిహేనేళ్ళకు పైగా ఈ చట్టం ఉన్నా మా ఏరియాలో దాన్ని చూసి ఒక్క పర్చేజ్ మేనేజర్ కూడా భయపడలేదు.

వాళ్ళు కదిలింది ఇన్‌కమ్ ట్యాక్స్ వల్ల. మీ ఆడిటర్ గారు కొత్తది అన్నది బహుశా దీన్నే. 2023 ఫైనాన్స్ చట్టంలో 43బీ సెక్షన్‌కి (హెచ్) అని ఒక క్లాజు చేర్చారు. మైక్రో, స్మాల్ యూనిట్లకు ఇవ్వాల్సిన డబ్బు ఆ 15, 45 రోజుల గడువులో ఇవ్వకపోతే, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే దాన్ని ఖర్చుగా చూపించుకోవాలి. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది అమల్లో ఉంది. 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చినా ఈ నిబంధన అందులోనూ ఉంది.

మీ పార్టీ వైపు నుంచి చూడండి. మీకు పది లక్షలు గడువు దాటి బాకీ పెట్టి మార్చి 31 దాటించారనుకోండి. ఆ పది లక్షలు ఆ ఏడాది ఖర్చు కింద రాదు, లాభంలో కలుస్తుంది. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీ అయితే సర్‌చార్జి, సెస్సుతో కలిపి దాదాపు రెండున్నర లక్షల ట్యాక్స్ ఆ ఏడాదే కట్టాలి. తర్వాతి ఏడాది మీకు చెల్లించినప్పుడు మళ్ళీ ఖర్చుగా వస్తుంది గానీ ఈలోపు చేతిలోంచి డబ్బు పోతుంది. మీకు ఇవ్వనందుకు వాళ్ళకు నొప్పి పుట్టించిన మొదటి రూల్ ఇదే. 2024 ఫిబ్రవరి, మార్చిలో మా షాపులకు ఎప్పుడూ ఫోన్ చెయ్యని అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ల నుంచి వరసగా ఫోన్లొచ్చాయి: మీరు మైక్రోనా, స్మాలా, మీడియమా, సర్టిఫికెట్ పంపండి అని. అంతకుముందు మేం చేస్తే ఎత్తేవాళ్ళు కాదు.

అయితే దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఒక పార్టీ అయితే ఏకంగా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేదని లెటర్‌హెడ్ మీద రాసివ్వమంది. అలాంటి లెటర్ మాత్రం ఇవ్వకండి. ఆర్డర్ పోయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ కాగితం తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక పాత బిల్లులు. మహాకాళి ఫుడ్స్ కేసులో 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు, ఒప్పందం నాటికి రిజిస్ట్రేషన్ లేని యూనిట్ ఆ ఒప్పందం కింద అప్పటికే జరిగిన సరఫరాలకు ఎంఎస్‌ఎంఈడీ చట్టం లాభాలు అడగలేదని, రిజిస్ట్రేషన్ తర్వాత జరిగే సరఫరాలకే వర్తిస్తుందని చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో ఇద్దరు జడ్జీల బెంచ్ ఈ విషయాన్ని మళ్ళీ చూడాలంటూ పెద్ద బెంచ్‌కి పంపింది. అది ఏమైనా కానివ్వండి, మీరు మాత్రం పాత నాలుగు నెలల బిల్లులకు ఈ చట్టం వడ్డీ వస్తుందని లెక్కలేసుకోకండి. బిల్లు అసలు మొత్తం మాత్రం ఎక్కడికీ పోదు, మామూలుగా మూడేళ్ళ లోపు సివిల్ దావా దారి ఉండనే ఉంది. ఉద్యమ్ నంబర్ వచ్చాక వెళ్ళే ప్రతి పీస్ మాత్రం చట్టం నీడలోకి వస్తుంది.

రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు. ఆధార్, పాన్, ఉంటే జీఎస్టీ నంబర్, మొబైల్‌కి ఓటీపీ, అంతే. కాగితాలేవీ అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు, రెన్యూవల్ లేదు. గూగుల్‌లో వెతికితే పైన అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించేవి వేలకు వేలు అడుగుతాయి, అడ్రసు చివర గవ్.ఇన్ ఉందో లేదో చూసుకుని దిగండి. నెట్ సెంటర్ కుర్రాడికి అప్పగిస్తే పక్కనే కూర్చోండి. ఎన్‌ఐసీ కోడ్ (మీ పని ఏ రకమో చెప్పే నంబర్) దగ్గర తేడా చేస్తారు వాళ్ళు. లోహపు వస్తువుల తయారీ, మెషినింగ్ పనులు 25తో మొదలయ్యే కోడ్‌లలో ఉంటాయి. ట్రేడింగ్ అని పడిందంటే ఉద్యమ్ ఉన్నా ఈ 45 రోజుల రూల్ మీకు వర్తించదు, ట్రేడర్లకు ఇచ్చింది బ్యాంకు ప్రయారిటీ సెక్టార్ లోను వరకే. మా వీధిలో ఒకాయన సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాడు, అందులో హోల్‌సేల్ ట్రేడ్ అని ఉంది.

సైజు గురించి భయం వద్దు. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెంచారు. మెషినరీ పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల దాకా మైక్రోనే. 25 కోట్లు, 100 కోట్ల దాకా స్మాల్. మీడియంకి వెళ్తే మాత్రం ఈ పేమెంట్ రక్షణ ఉండదు. మీరూ నేనూ ఆ దరిదాపుల్లో లేం లెండి.

సర్టిఫికెట్ కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది డెలివరీ చలాన్. ఇది కాస్త వివరంగా చెప్పాలి. మన డబ్బు ఇరుక్కునేది ఎక్కడ? మెటీరియల్ గేట్లోకి వెళ్తుంది, సెక్యూరిటీ ఇన్వర్డ్ స్టాంపు వేస్తాడు. స్టోర్స్‌లో రెండు వారాలు పడుంటుంది. జీఆర్‌ఎన్ (సరుకు అందిందని వాళ్ళు రాసుకునే రసీదు) పడదు. మీరు ఫోన్ చేస్తే "క్యూసీలో (క్వాలిటీ చెకింగ్‌లో) ఉంది" అంటారు. నెలన్నర తర్వాత, మీరు డబ్బు గట్టిగా అడిగిన రోజున, "డయా ఓవర్‌సైజ్ వచ్చింది, యాభై పీసులు రిజెక్షన్" అని నోటి మాటగా బయటికొస్తుంది. జీఆర్‌ఎన్ పడ్డ రోజు నుంచే వాళ్ళు రోజులు లెక్కపెడతారు.

చట్టం లెక్క అది కాదు. డెలివరీ అయిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, డెలివరీ చేసిన రోజే అంగీకరించినట్టు. 45 రోజులు అక్కణ్ణుంచే మొదలవుతాయి. అంటే గేటు దగ్గర పడ్డ ఆ స్టాంపు మీద తేదీయే మీ ఆస్తి. మా దగ్గర ఆటో డ్రైవర్‌కి ఒకటే చెప్పాను: స్టాంపు పడకుండా, తేదీ స్పష్టంగా కనబడకుండా చలాన్ కాపీ వెనక్కి తేవద్దు. స్టాంపు ప్యాడు ఎండిపోయి ఉంటే పెన్నుతోనైనా తేదీ రాయించుకుని వస్తాడు. అదే రోజు సాయంత్రం ఆ కాపీ ఫోటో తీసి, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు జతచేసి, పర్చేజ్‌కీ స్టోర్స్‌కీ ఒకే మెయిల్. అందులో దబాయింపేమీ ఉండదు, ఫలానా పీవో (పర్చేజ్ ఆర్డర్), ఫలానా చలాన్, ఇన్ని పీసులు ఇవాళ అందాయి, ఏమైనా ఉంటే 15 రోజుల్లో మెయిల్‌లో చెప్పండి, అంతే. వాట్సాప్ ఒక్కదానితో సరిపెట్టుకోకండి, అవతల ఉద్యోగి మారగానే ఆ మెసేజ్‌లకు దిక్కుండదు. ఇది మొదలుపెట్టాక నిజమైన రిజెక్షన్లు మాకు వారంలోపే తెలిసిపోతున్నాయి, ఆలస్యపు రిజెక్షన్లు చాలా తగ్గాయి.

బిల్లు మీద ఉద్యమ్ నంబర్, "మైక్రో – మాన్యుఫాక్చరింగ్" అని ప్రింట్ చేయించండి. వాళ్ళ ఆడిటర్ కంటికి అది తగలాలి. నా అనుభవంలో పర్చేజ్ వాళ్ళతో గొడవపడటం దండగ, వాళ్ళ చేతిలో డబ్బు ఉండదు. అడగాల్సింది అకౌంట్స్‌ని. జనవరి చివర్లో బాకీ బిల్లుల స్టేట్‌మెంట్ పంపి, మార్చి 31లోపు సర్దమని మర్యాదగా రాయండి. కంపెనీ అయితే ఇంకో మాట కూడా అడగొచ్చు. మైక్రో, స్మాల్ యూనిట్లకు 45 రోజులు దాటి బాకీ ఉన్న కంపెనీలు ఆరునెలలకోసారి ఎంఎస్‌ఎంఈ ఫారం 1 వెయ్యాలి, ఏప్రిల్ 30కి ఒకటి, అక్టోబర్ 31కి ఒకటి. "మా బాకీ అందులో చూపించారా అండీ" అని ఒక్క లైను రాస్తే కంపెనీ సెక్రటరీ దాకా వెళ్తుంది. జీఎస్టీలోనూ చిక్కు ఉంది వాళ్ళకి: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు చెల్లించకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లులోని జీఎస్టీని వాళ్ళ పన్నులో తగ్గించుకున్నది) వడ్డీతో వెనక్కి కట్టాలి. మీ పాత బిల్లులు నాలుగు నెలలవి అన్నారు కదా, వాటికి ఉద్యమ్‌తో పనిలేకుండా పనికొచ్చే అస్త్రం ఇదే. ఆ తేదీ దగ్గరపడుతున్న బిల్లులు ముందు పెట్టి మెయిల్ చేయండి.

టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీ అయితే ట్రెడ్స్‌లో (చిన్న యూనిట్ల బిల్లుల మీద బ్యాంకులు ముందే డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదికలో) చేరి ఉండాలి, ఆ గడువు 2025 మార్చి 31తో అయిపోయింది. అక్కడ వాళ్ళు మీ బిల్లు ఒప్పుకుంటే ఏదో ఒక బ్యాంకు కాస్త డిస్కౌంట్ పట్టుకుని మీకు ముందే ఇచ్చేస్తుంది, రేపు పార్టీ ఎగ్గొట్టినా మీ మీదకి రాదు. చిక్కంతా ఆ ఒప్పుకోవడం దగ్గరే. చేరినంత మాత్రాన మీ బిల్లు ఎక్కించాలని లేదు. అడిగి చూడండి.

చివరి దారి ఫిర్యాదు. సమాధాన్ పోర్టల్ 2017 నుంచి ఉంది, 2025 జూన్‌లో ఆన్‌లైన్ వివాద పరిష్కారానికి ఓడీఆర్ పోర్టల్ కూడా తెచ్చారు. కేసు మీ రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి (ఈ బాకీ గొడవలు తేల్చే సంస్థకి) వెళ్తుంది. పార్టీ చెన్నైలో ఉన్నా పుణేలో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. ముందు రాజీ, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. ఆ తీర్పు (అవార్డు) మీకు అనుకూలంగా వచ్చాక వాళ్ళు కోర్టుకెక్కాలంటే 75 శాతం డబ్బు ముందు డిపాజిట్ చెయ్యాలి, ఈ ఒక్క షరతు చూసే చాలామంది రాజీకొస్తారు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆ తేదీ నమ్ముకుని మాత్రం జీతాలు ఒప్పుకోకండి.

నేను ఒక పార్టీ మీద వేశాను. నోటీసు వెళ్ళాక వాళ్ళ ఫైనాన్స్ హెడ్ స్వయంగా ఫోన్ చేశాడు. అసలు మొత్తం ఇచ్చారు, వడ్డీ వదులుకున్నాను. ఆ తర్వాత ఒక్క పీవో రాలేదు. అప్పటికి వాళ్ళ పని మా మొత్తంలో చిన్న ముక్కే కాబట్టి తట్టుకున్నాం. కాబట్టి ఆర్డర్లు ఆగిపోవా అంటే, ఫిర్యాదు వేస్తే ఆగుతాయి, చలాన్లు, మెయిళ్ళు, మార్చి స్టేట్‌మెంట్లతో అయితే ఆగవు. వాటితో పర్చేజ్ వాళ్ళు కాస్త మొహం మాడ్చుకుంటారు, అంతే. మీ పనిలో సగం పైన ఆ ఒక్క పార్టీదే అయితే సమాధాన్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి, ముందు రెండో పార్టీని వెతుక్కోండి.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. ఈ రూల్ మనకూ వర్తిస్తుంది. మీ పార్ట్స్‌కి ప్లేటింగో, హీట్ ట్రీట్‌మెంటో చేసే ఆయనకు ఉద్యమ్ ఉంటే, ఆయన బిల్లు ఆ 15, 45 రోజుల గడువులో మీరూ ఇవ్వాలి. పార్టీ ఇవ్వలేదు కాబట్టి నేనివ్వలేదు అనే జవాబు చట్టానికి ఎక్కదు.

మీ పీవోలో పేమెంట్ టర్మ్స్ దగ్గర ఏముందో, పార్టీ పేరు తీసేసి, కింద రాయండి. "జీఆర్‌ఎన్ నుంచి 90 రోజులు" అని ఉంటే కంగారు పడకండి, మీరు సంతకం పెట్టినా సరే, ఉద్యమ్ తర్వాతి సరఫరాలకు 45 దాటిన గడువు చెల్లదు.