వేరియబుల్ ఎక్కడ పోయింది?

ప్రశ్న: మా నాన్నగారి వీణల షాపుకి హ్యూగోలో (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైట్ చేస్తున్నాను. ఒక్కో వీణకూ ఒక కార్డు వచ్చేలా పార్షియల్ (మళ్లీ మళ్లీ వాడుకునే చిన్న టెంప్లేట్) రాశాను. షాపు ఫోన్ నంబరును లూప్ బయట వేరియబుల్‌లో పెట్టాను. పార్షియల్‌లో దాన్ని వాడితే ‘అలాంటి వేరియబుల్ లేదు’ అని బిల్డ్ ఆగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తమ్ముడూ, పార్షియల్ పక్కింటి పిల్లాడి లాంటిది. మీ ఇంట్లో ఏముందో వాడికి తెలీదు, సంచిలో పెట్టిచ్చిందే తెలుసు. నువ్వు ఇచ్చింది ఒక్క చుక్క (.), అంటే ఆ క్షణంలో చేతిలో ఉన్న డేటా. రేంజ్ (హ్యూగోలో లూప్ పేరు) లోపల ఆ చుక్కంటే పేజీ కాదు, అప్పుడు నడుస్తున్న వీణ. డాలర్ గుర్తు ($) పెడితే పేజీ దొరుకుతుందనుకోకు. పార్షియల్‌లో అది కూడా నువ్వు పంపిందాన్నే చూపిస్తుంది.

రెండు మూడు పంపాలంటే డిక్ట్ వాడు, అది పేరు-విలువ జతల్ని ఒకే మూటగా కట్టే ఫంక్షన్. ‘వీణ’ అనే పేరు, పక్కన చుక్క. ‘ఫోన్’ అనే పేరు, పక్కన నీ వేరియబుల్. జతలు సరిపోవాలి, ఒకటి తగ్గినా ఎర్రర్. పార్షియల్ లోపల చుక్క ఫోన్, చుక్క వీణ చుక్క ధర అని పిలువు.

పేరులో అక్షరం తప్పితే మాత్రం ఎర్రర్ కూడా రాదు, ఖాళీ వస్తుందంతే. పొందూరు ఖద్దరు పేజీ చేసినప్పుడు నాకదే అయింది. పంచెలన్నీ ధర లేకుండా కనిపించాయి, అర్ధరాత్రి దాకా టెన్షన్!

అన్నట్టు, ఫోన్ నంబరు షాపంతటికీ ఒకటే కదా? కాన్ఫిగ్ ఫైల్లో (సైట్ సెట్టింగులుండే ఫైలు) పారమ్స్ అనే భాగం కింద పెట్టేయ్. సైట్ అనే ఫంక్షన్‌తో ఏ పార్షియల్ నుంచైనా అందుతుంది. డిక్ట్ అక్కర్లేదు.