ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే ఎందుకు ఆగిపోతాం?

చాలామందికి అడ్డం పడేది గ్రామర్ కాదు, వాక్యం అల్లే వరస. "నేను నిన్న ఆ ఫైల్ మేనేజర్‌కి పంపాను" అన్నప్పుడు మనకు క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లీష్‌లో అది కర్త వెనకే రావాలి: "ఐ సెంట్ ద ఫైల్ టు ద మేనేజర్ యెస్టర్‌డే." తెలుగులో అంతా పేర్చుకుని మార్చబోతే "ఐ" దగ్గరే నోరు ఆగిపోతుంది. కాబట్టి ఎవరు, ఏం చేశారు అన్న రెండు ముక్కలు ముందు అనేయండి. ఎవరికి, ఎప్పుడు అన్నవి వెనక తగిలించవచ్చు. నేను రోజూ బస్సులో నిన్నటి పనులు మూడు ఇలాగే గొణుక్కునేవాణ్ణి. పక్క సీటాయన వింతగా చూసేవాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంకొకటి, "ఐ హ్యావ్ ఎ డౌట్". మనకది మామూలు ప్రశ్నే. అమెరికా వాళ్లకు మాత్రం వాళ్ల మాట మీద మీకు నమ్మకం లేదన్నట్టు వినిపించవచ్చు. "క్వశ్చన్" అనండి. మీటింగ్ లాంటిది అనుకున్న టైమ్ కన్నా ముందే పెట్టడానికి మనం వాడే "ప్రీపోన్" కూడా అక్కడ చాలామందికి తెలియదు.

చాట్‌లో ఉత్త "హాయ్" పెట్టి ఎదురుచూడకండి. "హాయ్, కెన్ యు చెక్ దిస్ రిపోర్ట్ బై ఫోర్?" అని పని కూడా అందులోనే చెప్పేయండి.

యాస గురించి టెన్షన్ అనవసరం, కాస్త నెమ్మదిగా మాట్లాడితే చాలు. అవతలివాళ్ల మాట అర్థం కాకపోతే మాత్రం ఊరికే తల ఊపకండి. "కుడ్ యు సే దట్ అగైన్?" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.