ఆ పంపు ఎందుకు ఆగిందో అడిగారా?

ప్రశ్న: మా మేనల్లుడు మలావీలో లిలాంగ్వే దగ్గర పొగాకు కంపెనీలో అకౌంటెంటు. పక్క ఊళ్లో చేతిపంపు పాడై, ఆడవాళ్లు వాగులో చెలమలు తవ్వి నీళ్లు తోడుకుంటున్నారట. మా అపార్టుమెంటువాళ్లం చందాలు వేసుకుని కొత్త బోరు వేయించాలనుకుంటున్నాం. పాత బట్టలు కూడా పంపుదామని ఉంది. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే 80జి రసీదు ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, కొత్త బోరు మాట పక్కన పెట్టి, పాత పంపు ఎందుకు ఆగిందో కనుక్కోండి. గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఉద్యోగమంతా చేతిపంపుల మధ్యే గడిపినవాణ్ని. బోరులో నీళ్లుండగానే వాషరు అరిగి మూలపడ్డ పంపులే ఎక్కువ చూశాను.

మలావీ పల్లెల్లో ఎక్కువగా ఉండేది ఆఫ్రిడెవ్ పంపు. మన ఇండియా మార్క్-2కు వాషరు మార్చాలంటే ఇనుప పైపులన్నీ పైకి లాగాలి. మెకానిక్కు, నలుగురు మనుషులు కావాలి. 1980లలో మలావీ, కెన్యాల్లో పరీక్షించి ఆఫ్రిడెవ్‌ను రూపొందించినవాళ్లు ఈ తంటానే తప్పించారు. ప్లాస్టిక్ పైపు బోరులోనే ఉంటుంది. కొక్కేలతో తగిలించిన కడ్డీలను ఒక్కొక్కటీ లాగితే పిస్టన్ చేతికొస్తుంది. విప్పడానికి ఒకే పానా చాలు. అరిగేవి పిస్టన్ సీలు (మన వాషరు లాంటిదే), వాల్వు బాబిన్, హ్యాండిల్ దగ్గరి బుష్షులు. నేర్పితే ఊరి ఆడవాళ్లే మార్చుకోగలరు. ఈ పంపులు మన దేశంలోనూ తయారై ఆఫ్రికాకు వెళుతున్నాయి!

కాబట్టి మీ మేనల్లుణ్ని ఊరి పెద్ద దగ్గరికి పంపండి. పంపు కమిటీ ఉందా, ఇంటింటి వసూలు ఎవరి చేతిలో ఉంది, విడిభాగాలు ఏ బజారులో దొరుకుతాయి అని అడగమనండి. మొత్తం ఖర్చు మీరే పెడితే, మళ్లీ సీలు అరిగిన రోజున ఆ ఊరు ఒంగోలు వైపు చూడాలి. మొదటి రిపేరు, పనిముట్లు, కొన్ని విడిభాగాలు మీవి. నెలవారీ వసూలు వాళ్లది. ఆ వసూలును జనవరి, ఫిబ్రవరి నెలల్లో మొదలుపెట్టమనకండి. అప్పటికి గాదెలు ఖాళీ, న్సిమా అనే ముద్ద వండుకునే మొక్కజొన్న పిండికే కటకట. ఏప్రిల్‌లో కోతలు మొదలయ్యాక చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, వానలు తగ్గి బండ్లూ తిరుగుతాయి.

బట్టలు వద్దు. వాడిన బట్టలను అక్కడ కౌంజిక అంటారు. బజార్లలో కుప్పలు పోసి అమ్ముతారు. పార్శిలు ఖర్చుతో రెండు సీళ్లు కొనండి.

80జి రసీదు ఇవ్వకూడదు. అది ఇక్కడ ఆ అనుమతి పొందిన సంస్థలకే. ఏదైనా ట్రస్టు ద్వారా పంపుదామన్నా, విదేశంలో పెట్టిన ఖర్చుకు ఆ ట్రస్టుకు పన్ను మినహాయింపు కావాలంటే ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ఉండాలి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, అది బయటినుంచి వచ్చే డబ్బుకు. వ్యక్తులు రిజర్వు బ్యాంకు పథకం కింద, పాన్ చూపి, ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. అందరి చందా ఒకరి ఖాతాలో పోసి పంపేముందు మాత్రం బ్యాంకునూ ఆడిటరునూ అడగండి.

చందా పోస్టరు మీద బిందె పట్టుకున్న పిల్ల ఫొటో వేయకండి. అరిగిన సీలును అరచేతిలో పెట్టి ఫొటో తీయించండి, డబ్బు ఎందుకో అదే చెబుతుంది.

బోరులో పంపు సిలిండరు ఎంత లోతున ఉందో రాయించుకోవడం మరవద్దు. 45 మీటర్లు దాటితే ఆఫ్రిడెవ్‌కు కష్టం. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి.