సూర్యుడు దిగాకే భోజనానికి కూర్చోండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. పెళ్లై పాతికేళ్లయిందని సెప్టెంబరు మధ్యలో మావారూ నేనూ గ్రీస్‌లోని శాంటోరిని ద్వీపానికి వెళ్తున్నాం. అక్కడ ఓయా అనే ఊళ్లో సూర్యాస్తమయం చూస్తూ టేస్టింగ్ మెనూ డిన్నర్ చేసి తీరాలని మా అమ్మాయి పట్టు. ఏడెనిమిది రకాలు కొంచెం కొంచెంగా పెడతారట. నేను గుడ్డు కూడా ముట్టను. నాకు కుదురుతుందా? ఏడింటికి టేబుల్ బుక్ చేసుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏడింటికి మాత్రం వద్దండీ. ఆ రోజుల్లో అక్కడ పొద్దుగూకేది దాదాపు ఏడున్నరకి. మీరు ఏడింటికి కూర్చుంటే సరిగ్గా రెండో ప్లేటు వచ్చే వేళకి ఆకాశం ఎర్రబడుతుంది, మీవారు ఫోన్ పట్టుకుని లేస్తారు, వెనకే మీరూ లేస్తారు, తిరిగొచ్చేసరికి ప్లేట్లో ఉన్నది చల్లారిపోయి ఉంటుంది. అటు అస్తమయమూ తీరిగ్గా చూడరు, ఇటు తిండీ రుచి తెలియదు. టేబుల్ ఎనిమిదిన్నరకి చెప్పండి. గ్రీకులు రాత్రి భోజనం ఆలస్యంగానే చేస్తారు, మీకు తొందర పెట్టేవాళ్లెవరూ ఉండరు.

ఓయాలో పాత కోట శిథిలాల దగ్గర జనం కిక్కిరిసిపోతారు. అదే చోటు కావాలంటే ఓ గంటన్నర ముందు చేరండి. నన్నడిగితే ఇమెరోవిగ్లి నయం. అదీ అదే కొండ అంచున, ఇంకా ఎత్తులో ఉంటుంది, గుంపు తక్కువ. గాలి గట్టిగా వీస్తుంది, శాలువా ఉండనివ్వండి. సూర్యుడు సముద్రంలోకి దిగగానే అందరూ చప్పట్లు కొట్టి బస్సుల వైపు పరిగెత్తుతారు, మీరు కదలకండి. పైన కాస్త మబ్బు ఉందంటే అసలు రంగులు ఆ తర్వాత పది, పదిహేను నిమిషాలకి వస్తాయి, ఎందుకంటే మనకి కనపడని సూర్యుడు ఆ ఎత్తులో ఉన్న మబ్బులకి ఇంకా తగులుతూనే ఉంటాడు. పైగా భూమధ్యరేఖకి దూరం జరిగేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అక్కడి సంజ మన గుంటూరు సంజ కంటే కాసేపు ఎక్కువే నిలుస్తుంది.

ఇక తిండి. బుక్ చేసేటప్పుడు "వెజిటేరియన్" అని ఊరుకోవద్దు, యూరప్‌లో ఆ మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. మాంసం, చేప, గుడ్డు వద్దు, సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్లు వద్దు అని విడివిడిగా రాయండి. కొన్ని చీజ్‌లకి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉంటే అదీ చెప్పండి. మెనూ ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి అక్కడికెళ్లి చెబితే వాళ్లకీ ఇబ్బంది, మీకు సలాడ్ మిగులుతుంది. వైన్ వేరే లెక్క, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు.

కానీ మీరు దిగులు పడాల్సిన ఊరు కాదది. అక్కడి పేరున్న వంటకం ఫావా. పసుపు పప్పుని మెత్తగా ఉడికించి, ఎనిపి, పైన ఆలివ్ నూనె పోసి, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు చల్లుతారు. ముద్దపప్పు తిని పెరిగిన నాలుక దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. అగ్నిపర్వతపు నేలలో, వానలు అంతంతమాత్రమైన చోట పెరిగిన చిట్టి టమాటాలు నీరు తక్కువై చిక్కటి రుచితో ఉంటాయి. తెల్ల వంకాయ అసలు వదలొద్దు, గింజ తక్కువ, కాస్త తీపి. ఒక్కటే జాగ్రత్త: మొదట్లో పెట్టే బ్రెడ్డుతో కడుపు నింపుకోకండి. ప్లేట్లు చిన్నవే గానీ రెండు, రెండున్నర గంటలు వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: నాన్నగారు రిటైరయ్యారు, విమానం ఎక్కలేరు. అలాంటి సాయంత్రం విజయవాడలోనే ఏర్పాటు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: నిక్షేపంగా. భవానీ ద్వీపం ఉండగా ఆలోచన దేనికి? అది ప్రకాశం బ్యారేజీకి ఎగువన, అంటే పడమర వైపు ఉంది, సూర్యుడు నది మీదుగానే దిగుతాడు. చివరి బోటు ఎన్నింటికో ముందే కనుక్కోండి, వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు. అస్తమయం దాకా అక్కడ ఉండటం కుదరకపోతే త్వరగా వెనక్కొచ్చి బ్యారేజీ మీద పడమటికి తిరిగి నిలబడండి. కుడి పక్కన ఇంద్రకీలాద్రి, ఎదురుగా నిండుగా నిలిచిన నీళ్లు, వాటి మీద ఎరుపు మీ కాళ్ల దాకా పరుచుకుని వస్తుంది. పెద్దాయనకి మడత కుర్చీ పట్టుకెళ్లండి. చలికాలంలో అయిదున్నరకల్లా అక్కడుండాలి.

భోజనం ఇంట్లో పెట్టండి, కానీ వరస మార్చండి. అన్నీ ఒకేసారి వడ్డించకుండా ఒక్కో రకం తెచ్చి, అది తిన్నాక ఇంకోటి. అరచేయంత పెసరట్టు, తర్వాత ఒక్క గారె, ఓ రెండు ముద్దల ఉలవచారన్నం మీద మీగడ. గోంగూర ఎప్పుడూ చివర్లోనే, అది నాలుక మీద పడ్డాక ఇంక సున్నితమైన రుచి ఏదీ ఆనదు. మధ్యలో పల్చటి మజ్జిగ రెండు గుక్కలు ఇవ్వండి. తీపికి ఒక పూతరేకు చాలు. అమ్మగారిని వంటింట్లో నిలబెట్టి మాత్రం ఇదంతా చేయకండి, ఆవిణ్ణీ నాన్నగారి పక్కనే కూర్చోబెట్టి మీరే వడ్డించండి.