ఆరు నెలలుగా ఉద్యోగం కోసమే ప్రార్థిస్తుంటే స్వార్థంలా అనిపిస్తోందా?

అడగడం తప్పు కాదండీ. చిక్కల్లా అడిగిన వెంటనే ఆమెన్ అని లేచిపోవడంలో ఉంది.

1. ఉద్యోగం సంగతి దాచకుండా అడగండి. బైబిల్లో అపొస్తలుడైన పౌలు కూడా తనను వేధించే బాధను, తాను "ముల్లు" అన్నదాన్ని, తొలగించమని మూడుసార్లు దేవుణ్ణి వేడుకున్నాడు.

2. చాలామంది వదిలేసేది ఇదే. అడిగాక ఐదు నిమిషాలు మోకాళ్ల మీదే మౌనంగా ఉండండి. తర్వాత సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు పలికిన మాట నెమ్మదిగా అనండి: "నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక." మొదట్లో నాకు "నా యిష్టము కాదు" దగ్గరే గొంతు పట్టేసేది. పట్టేస్తే తొందరపడకండి, అక్కడే ఆగండి. మనసు మెత్తబడేది ఆ చోటే.

3. మీతోపాటు ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ల కోసం కూడా ఒక్క మాట ప్రార్థించండి.

మాటలే రాని రోజు, లూకా సువార్త 18లో సుంకరిలా (పన్ను వసూలు చేసేవాడిలా) "దేవా, పాపినైన నన్ను కరుణించు" అన్నా చాలు.