ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తే టీచర్ ఉద్యోగం తప్ప ఇంకేమీ ఉండదా?

బరంపురంలో బీఎస్సీ అయిపోయింది, విశాఖ వెళ్లి ఎమ్మెస్సీ చేస్తానంటే ఇంట్లో "అంత చదివీ చివరికి టీచరేగా" అంటున్నారని అడిగారు. నేను పర్లాకిమిడి నుంచి వెళ్లి అక్కడే కెమిస్ట్రీ చదివాను కాబట్టి చెప్తున్నా, ధైర్యంగా వెళ్లండి.

మీ నాన్నగారికి స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్. రావు గారి సంగతి చెప్పండి. ఆయన కూడా ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే మ్యాథ్సే. తర్వాత సైన్యంలో లెక్కల ఉద్యోగం ఏదో ఉందని ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్తే అది రాలేదు. ఆ ఊళ్లోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్న ఒకతను తగిలి దాని గురించి చెబితే, వెళ్లి చూసి 1941లో చేరిపోయారు. డేటా నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే ఫలితం 1945లో ఆయన రాసిన పేపర్లో ఉంది, దాన్నే ఇవాళ క్రామర్-రావు బౌండ్ పేరుతో పిల్లలు చదువుకుంటున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. రాని ఉద్యోగం కోసం వెళ్లిన మనిషి అంతవరకూ వెళ్లారంటే, చేతిలో ఉన్న లెక్కల బలమే కదా!

అదే యూనివర్సిటీలో మెకానికల్ చదివిన రాజాం ఆయన జి.ఎం. రావు ఎయిర్‌పోర్టులు కట్టారు, లా చదివిన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతి అయ్యారు. అంతెందుకు, మన బరంపురంలో పుట్టి ఖల్లికోట కాలేజీలో చదివిన వి.వి. గిరి గారు డబ్లిన్ వెళ్లి లా చదివారు, 1916లో తిరిగొచ్చి లాయరుగా చేశారు, అది వదిలేసి రైల్వే కార్మికుల సంఘాల్లో తిరిగారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

అయితే ఈ పేర్లతో ఇంట్లోవాళ్ల టెన్షన్ తీరదు, వాళ్లకి మన చుట్టుపక్కల మనుషులు కావాలి. మా బ్యాచ్‌లో ఒకడు రాయగడ పేపర్ మిల్లు ల్యాబ్‌లో ఉన్నాడు. జువాలజీ చేసిన ఇంకొకడు గుణుపురంలో బ్యాంకు ఉద్యోగి. ఒకసారి వాడి దగ్గరికి వెళ్తే, కొండ మీంచి దిగొచ్చిన ఒక సవర గిరిజన ముసలావిడ పాస్‌బుక్ కౌంటర్ మీద పెట్టింది, వీడు వేలితో ఒక్కో గడీ చూపిస్తూ ఎంత పడింది, ఎంత తీసింది, ఎంత మిగిలింది అని వచ్చిన నాలుగు సవర మాటల్లో చెప్పాడు. పక్కన ఇంకో కౌంటర్ ఖాళీగా ఉన్నా వెనకున్నవాళ్లెవరూ అటు కదల్లేదు. తెలుగూ ఒడియా రెండూ వచ్చిన మనలాంటివాళ్లకి ఈ జిల్లాల్లో అది పెద్ద బలం.

ఇక "టీచరేగా" అన్న మాట నాకు నచ్చలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలో బడిపంతులే, ఆ పని చేసుకుంటూనే సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. నా క్లాస్‌మేట్ ఒకావిడ గజపతి జిల్లాలో ఒడియా మీడియం బడిలో లెక్కలు చెప్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి భిన్నాలు ముందు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, ఆ తర్వాతే ఒడియాలో రాయిస్తుంది. నా లెక్కలో మా బ్యాచ్‌లో అందరికంటే గొప్ప పని ఆవిడదే.

మీరు మాత్రం చేరేముందు మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఈమధ్యే పాసైన సీనియర్లని నలుగురైదుగురిని పట్టుకోండి. ఏ ఉద్యోగం అనే కాదు, కోర్సు అయ్యాక ఆ ఉద్యోగం వచ్చేదాకా ఏం చేశారో అడగండి, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. వీలుంటే స్టాటిస్టిక్స్ పేపర్లు తీసుకోండి, పక్కనే కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. హాస్టల్ సీటు గురించి కూడా వాళ్లనే అడగండి.