పాత వెండి: తూకానికా, పనితనానికా?

సంక్రాంతికి ఇల్లు దులుపుతూ భోషాణాలు తెరిచినవారి ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మమ్మగారి పెళ్ళినాటి పన్నీరు బుడ్డి, గంధపు గిన్నె, కుంకుమ భరిణె మా దగ్గర ఉన్నాయి. బుడ్డి చుట్టూ దశావతారాలు చెక్కి ఉన్నాయి. అడుగున చుక్కలతో ఇంటిపేరు, ‘విభవ సం.’ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. వెండి కొట్టువారు తూకం వేసి, తరుగు తీసి ఒక ధర చెప్పారు. పాత వస్తువులు కొనే వ్యాపారి ఒకరు అంతకు సగం ఎక్కువ ఇస్తానన్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కొట్టువారు మీ బుడ్డిని కరిగించబోయే లోహంగా చూశారు, వ్యాపారి మళ్ళీ అమ్ముకోగల వస్తువుగా చూశారు. తూకం ధర అన్నది ఏ రోజైనా ఎక్కడైనా దొరికేదే కనుక బేరం అక్కడ మొదలు కావాలి తప్ప అక్కడ ముగియకూడదు. సేకర్తలు డబ్బు ఇచ్చేది నగిషీకి, వస్తువు చెక్కుచెదరకుండా ఉండటానికి, అది ఎవరిదో ఎప్పటిదో చెప్పే ఆధారానికి. ఈ మూడో విషయంలో మీరు అదృష్టవంతులు. గిన్నెల మీద పేర్లు కొట్టించే మన అలవాటును పనికిమాలినదిగా చూసి, అమ్మేముందు ఆ అక్షరాలను అరగదీయించేవారు ఉన్నారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. విభవ నామ సంవత్సరం అరవయ్యేళ్ళకొకసారి వస్తుంది కనుక మీ బుడ్డి 1868-69 నాటిదైనా కావాలి, 1928-29 నాటిదైనా కావాలి. అమ్మమ్మగారి పెళ్ళినాటిదంటున్నారు కాబట్టి రెండోదే సరి. ఆనాటి పెళ్ళి ఫొటోలోనో శుభలేఖ వెనుక రాసుకున్న సారె జాబితాలోనో ఈ బుడ్డి ఆనవాలు దొరికితే దాన్ని వస్తువుతో పాటే భద్రపరచండి.

వెండి నాణ్యత గురించి మీరు అడగలేదు గాని, కొనేవారు తప్పక అడుగుతారు. ఆంగ్లేయుల ఏలుబడిలో ఇంగ్లండులో లాగా ప్రతి వెండి వస్తువునూ పరీక్షించి ముద్ర వేసే పద్ధతి మన దేశంలో లేదు. అందువల్ల ముద్ర లేనంత మాత్రాన మన వస్తువును తీసిపారేయనక్కరలేదు. పెద్దలు ‘రూపాయి వెండి’ అనే మాటకు గట్టి అర్థమే ఉంది. ఆనాటి రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు తూగేది, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. వస్తువు చేయించదలచినవారు రూపాయలు లెక్కపెట్టి కంసాలి చేతిలో పోసి, ఆ తూకానికి వస్తువు తీసుకునేవారు. 1940లో రూపాయిలోని వెండి సగానికి తగ్గింది, 1947లో వెండి పోయి నికెల్ వచ్చింది. మీ వస్తువులు అంతకు ముందువి.

గంధపు గిన్నెను మీరే ఇంట్లో పరీక్షించుకోవచ్చు. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద నీళ్ళ పాత్ర ఉంచి, అంకెను సున్నా చేయండి. ముందే తూచి ఉంచుకున్న గిన్నెను దారంతో కట్టి, అడుగుకు గాని అంచులకు గాని తగలకుండా, లోపల గాలి బుడగ మిగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోండి. గిన్నె 207 గ్రాములు తూగితే, నీటిలో ముంచినప్పుడు త్రాసు 20 గ్రాములకు అటూ ఇటూగా చూపితే అది రూపాయి వెండికి దగ్గరగా ఉన్నట్టు. 24 చూపితే జర్మన్ సిల్వర్ అని అనుమానించాలి. రాగి, నికెల్, జింకు కలిసిన ఆ లోహంలో వెండి ఉండేది పేరులోనే. ఈ పరీక్ష పన్నీరు బుడ్డికి పనికిరాదు. బోలు వస్తువులో గాలి చిక్కుతుంది, పైగా కొన్నింటి పీఠంలో లక్క నింపి ఉంటుంది. తూకం వేసేటప్పుడు ఆ లక్క సంగతి కూడా గుర్తుండాలి.

మీ బుడ్డి మీది దశావతారాలను మదరాసు వెండిపనిలో ‘స్వామి’ పని అనే దానితో పోల్చి చూపమని సేకర్తలు అడగవచ్చు. దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చే ఆ పనికి మదరాసులోని పి. ఓర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు పేరుపొందాయి. వారి ముద్ర ఉన్నవాటికి వేరే గిరాకీ ఉంది. ముద్ర లేని మన డెల్టా కంసాలి పని అంతకు తీసిపోదని నా నమ్మకం, కాని ఈ నమ్మకానికి మార్కెట్టులో ఇంకా సరైన ధర పలకడం లేదు. తొందర లేకపోతే మరో ఇద్దరికి చూపించండి.

ప్రశ్న: కాకినాడలో నాకు ఒక వెండి గిన్నెను అమ్మజూపారు. అడుగున విక్టోరియా రాణి బొమ్మ ఉన్న 1862 నాటి రూపాయి అతికి ఉంది. కాబట్టి గిన్నె 1862 నాటిదేనని అమ్మేవారి వాదన. ఇది నిజమేనా?
– ఒక సేకర్త, కాకినాడ

జవాబు: ఆ రూపాయి ఒక్క సంగతే చెబుతుంది: ఈ రూపంలో గిన్నె 1862కు ముందుది కాదు. తరవాత ఎప్పటిదైనా కావచ్చు, నిన్నటిదైనా కావచ్చు. పైగా ఆ నాణెం విషయంలో ఒక తమాషా ఉంది. 1862 అన్న అంకె ఉన్న రూపాయిలను టంకశాలలు ఆ తరవాత దాదాపు పుష్కరం పాటు అదే సంవత్సరం అంకెతో ముద్రిస్తూనే వచ్చాయి. ఇక గిన్నెను చూడండి. నిజంగా వాడిన గిన్నె అంచు, పీఠం, బొమ్మల ముక్కులు, మోకాళ్ళు వంటి పొడుచుకువచ్చిన చోట్ల అరిగి ఉంటుంది, పల్లపు చోట్ల నలుపు నిలిచి ఉంటుంది. అంతటా ఒకే తీరున నల్లగా ఉంటే మందు పూసి ముసలితనం తెప్పించారన్నమాట. భూతద్దంతో బొమ్మలను ఒకదానితో ఒకటి పోల్చండి. చేతితో చెక్కినవి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే సన్నని గుంట ప్రతి బొమ్మలోనూ ఒకే చోట కనిపిస్తే అది మూసలో పోసినది.

ప్రశ్న: యానాం నుంచి మా తాతగారు తెచ్చుకున్న కాఫీ పాత్ర మీద శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల ముద్ర చిన్నదిగా ఉంది. ఇది వెండేనా?
– ఒక పాఠకుడు, తాళ్ళరేవు

జవాబు: వెండే కావాలి. అది రోమన్ దేవత మినర్వా తల, 1838 నుంచి ఫ్రాన్సు వాడుతున్న ప్రభుత్వ ముద్ర. తల పక్కన 1 అన్న అంకె ఉంటే వెయ్యింట 950 వంతులు, 2 ఉంటే 800 వంతులు వెండి. తయారీదారు ముద్ర ఏటవాలు చతురస్రంలో, అంటే పేకముక్కల్లోని డైమండు ఆకారంలో ఉండాలి. ఆ ముద్ర నిలువు చతురస్రంలో ఉంటే అది వెండి పూత వస్తువు. ఇంగ్లీషు సామానులోనైతే నడిచే సింహం ముద్ర 92.5 శాతం వెండికి, పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌కు, చిరుతపులి తల ఉంటే లండనుకు గుర్తు. ఈ.పి.ఎన్.ఎస్. అన్న అక్షరాలు కనిపిస్తే అది నికెల్ మిశ్రమం మీద వెండి పూత మాత్రమే.

ప్రశ్న: మా ముత్తాతగారి వెండి తాంబూలపు పళ్ళెం 1890 ప్రాంతానిది. బాగా మెరుగు పెట్టించి అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపాలనుకుంటున్నాము. అభ్యంతరం ఉందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: రెండు పనులకూ ఉంది. 1976 ఏప్రిల్ 5న అమలులోకి వచ్చిన 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం, చారిత్రక విలువగల కళాత్మక వస్తువుకు నూరేళ్ళు నిండితే దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ పళ్ళెం దాని కిందికి వస్తుందో రాదో తేల్చవలసినది భారత పురావస్తు శాఖ. పురావస్తువు కాదని వారు ధ్రువపత్రం ఇస్తేనే పంపండి. దేశంలోపల మీ ఇంటి వస్తువును అమ్ముకోవడానికి అడ్డు లేదు గాని, పురావస్తువుల అమ్మకం వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు తప్పనిసరి. మీ దగ్గర కొనవచ్చిన వ్యాపారిని అది చూపమని అడగడానికి మొహమాటపడకండి.

మెరుగు సంగతి నా అనుభవంతో చెబుతాను. పదిహేనేళ్ళ కిందట మా ఇంటి హారతి పళ్ళేన్ని ఒక కొట్టులో మెరుగుకు ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా తిరిగి వచ్చింది. లతల మధ్య నిలిచిన నలుపు పోయింది, వెనుక కొట్టించిన మా తాతగారి పేరులో సగం పోయింది. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి పైపొర మారి ఏర్పడినది. అది ఉంటేనే నగిషీ లోతు కంటికి ఆనుతుంది. కనుక చింతపండు, విభూతి, టూత్‌పేస్టు ఏవీ వద్దు. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తని నూలుగుడ్డతో కడిగి, వెంటనే తడి లేకుండా తుడిచి, ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టండి. పైన రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి; దానిలోని గంధకం పళ్ళెం మీద నల్లని గీత పెడుతుంది.